నీడ కుదిరితే పడవ వరిచేలో కూడా నడుస్తుంది

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండు మూడు ఫోటోలు కలిపి లేని లోకాన్ని చూపించే సర్రియల్ ఫోటోలు ఎలా చేయాలి అని ఈ నెల చాలామంది రాశారు, కొందరు తాము చేసినవి కూడా జత చేశారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశా. పేర్లు వేయొద్దని ఒకరిద్దరు అడిగారు, కాబట్టి అందరివీ ఊళ్ళే వేస్తున్నా.

అమలాపురం దగ్గర నుంచి ఒక పాఠకుడు: అన్నా, మా వరిచేలో పడవ నడుస్తున్నట్టు ఒక ఫోటో చేశా. చేను సాయంత్రం తీశా, పడవ ఇంకోరోజు మధ్యాహ్నం రేవులో తీశా. పెన్ టూల్‌తో రెండు గంటలు కూర్చుని కటింగ్ చేశా, చాలా నీట్‌గా వచ్చింది. అయినా ఎవరికి చూపించినా అతికించినట్టుంది అంటున్నారు. తప్పెక్కడో చెప్పండి.

తమ్ముడూ, ముందు ఐడియా గురించి చెప్పాలి, నాకు చాలా నచ్చింది. కాలవకీ చేనుకీ మధ్య గట్టొక్కటే అడ్డమున్న ఊళ్ళో పెరిగినవాడికే ఇలాంటిది తడుతుంది. కటింగ్ కూడా నిజంగానే బాగుంది, తప్పు అక్కడ లేదు, నువ్వు పడవ తీసిన టైములో ఉంది.

నీ ఫోటోని బాగా పెద్దది చేసి చూశా. చేలో ఎండ ఎడమ నుంచి వస్తోంది, పసుపు రంగులో, ప్రతి వరి దుబ్బుకీ కుడివైపు పొడుగ్గా నీడ ఉంది. పడవకేమో ఎండ నడినెత్తిన ఉంది, అడ్డచెక్కల కింద నల్లటి నీడ, పక్క చెక్కల మీద వెలుగే లేదు. అంటే ఒకే ఫోటోలో ఇద్దరు సూర్యులున్నారు. చూసేవాళ్ళకి ఈ సంగతి మాటల్లో చెప్పడం రాదు కానీ కన్ను పట్టేస్తుంది, అందుకే అతికించినట్టుంది అని ఊరుకుంటారు. దీన్ని ఫోటోషాప్‌లో సరిచేద్దామా అంటే రంగు మార్చొచ్చు, కాంట్రాస్ట్ తగ్గించొచ్చు, పక్క చెక్కల మీద లేని ఎండని మాత్రం బ్రష్‌తో పెయింట్ చేయాలి, అది చేయి తిరిగినవాళ్ళకి కూడా కష్టం. పడవ మళ్ళీ తీయి, అదే సుఖం. పడవ రేవులోనే ఉంటుంది కదా, చేను తీసిన టైముకే వెళ్ళు, సూర్యుడు కెమెరాకి ఎడమవైపు ఉండేలా నిలబడు, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని బట్టి కెమెరా రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో పెట్టకు, రెండు ఫోటోలకీ ఒకటే ఉంచు.

ఇంకో సంగతి, నువ్వు చేను ఫోటో గట్టు మీద కూర్చుని తీశావు, పడవ ఫోటో రేవు మెట్ల మీద నిలబడి తీశావు, ఎలా తెలిసిందంటే పడవ లోపలి భాగమంతా కనిపిస్తోంది, వరి మాత్రం పక్కనుంచి చూసినట్టుంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకో. చదునైన నేల మీద కెమెరా నీ నడుము ఎత్తులో పట్టుకుని తీస్తే, ఆకాశం నేల కలిసే గీత ఆ నేల మీద నిలబడ్డ నీ అంత ఎత్తు వాళ్ళందరి నడుము మీదుగానే పోతుంది, దగ్గరున్నా దూరమున్నా. కంటి ఎత్తులో పట్టుకుంటే అందరి కళ్ళ మీదుగా పోతుంది. కాబట్టి ఏ వస్తువుని ఏ ఫోటోలో పెట్టినా ముందు ఆ గీత ఎక్కడుందో చూసుకుని, కెమెరా అదే ఎత్తులో పెట్టి, దాదాపు అంతే దూరం నుంచి తీయాలి. జూమ్‌తో దగ్గరికి లాగినంత మాత్రాన పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరవీ దూరపువీ ఎంతెంత సైజులో కనపడతాయన్నది, కుదరదు, అది నువ్వు నిలబడ్డ దూరాన్ని బట్టి ఉంటుంది. స్వీడన్‌కి చెందిన ఎరిక్ యొహాన్సన్ రోడ్డుని గుడ్డలాగా లాగుతున్న మనిషి లాంటి ఫోటోలు చేస్తాడు, ఆయన 2011లో టెడ్ వేదిక మీద చెప్పిన మూడు రూల్స్‌లో మొదటి రెండూ ఇవే, పర్‌స్పెక్టివ్ ఒకటై ఉండాలి, వెలుగు ఒకే రకంగా ఉండాలి. మూడోది ఎక్కడ ఏ ఫోటో మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియకూడదు అని. నువ్వు మూడో దాని మీదే రెండు గంటలు పెట్టావు, ఆ రెండు గంటల్లో ఒక గంట రేవులో పెట్టుంటే సరిపోయేది.

ఇప్పుడు నీడ. నీ ఫోటోలో పడవ కింద బ్లాక్ కలర్ బ్రష్‌తో ఒక మచ్చ వేసి బ్లర్ చేశావు. బయట నీడ ఎప్పుడూ కటిక నలుపు ఉండదు, ఎండ తగలని చోట కూడా ఆకాశం వెలుగు పడుతుంది కాబట్టి కాస్త నీలం కలుస్తుంది. అదే ఫోటోలో వరి దుబ్బుల నీడ నుంచి ఐడ్రాపర్‌తో రంగు తీసుకుని, కొత్త లేయర్ (ఫోటో మీద పరిచే విడి పొర) తెరిచి, కింది పొరని నల్లబరిచే మల్టిప్లై మోడ్‌లో పెట్టి వేయి. అంచు కూడా మొత్తం ఒకేలా మసకగా ఉండకూడదు. సూర్యుడు మనకి అర డిగ్రీ వెడల్పులో కనపడతాడు, అందుకే వస్తువు నేలని తాకే చోట నీడ అంచు కత్తిలా ఉంటుంది, దూరం జరిగేకొద్దీ మెత్తబడుతుంది, మీటరు దూరం నుంచి పడ్డ నీడ అంచు దాదాపు సెంటీమీటరు మేర మసకబారుతుంది. నమ్మకం కుదరకపోతే ఎండలో ఒక కర్ర పాతి, మొదట్లో నీడ ఎలా ఉందో చివర ఎలా ఉందో చూడు. పైగా నీ పడవ నీడ పడేది నున్నటి నేల మీద కాదు, వరి మీద. ప్రతి ఆకు మీదా విరిగి విరిగి పడాలి, మధ్యమధ్యలో ఎండ తగిలే ఆకు కొన ఒకటి మెరుస్తూ ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, పడవ ఇప్పుడు వరి మీద పెట్టినట్టుంది, వరిలో ఉన్నట్టు లేదు. పడవ అడుగు భాగం వరిలో మునగాలి. నీళ్ళలో పడవ ఎక్కడిదాకా మునుగుతుందో అక్కడ నాచు పట్టిన చార ఉంటుంది చూడు, ఆ చార దాకా వరి రావాలి. దీనికి ఒక పని చేయి, అదే సాయంత్రం ఒక తెల్ల దుప్పటి ఇద్దరి చేత పట్టించి, దాని ముందు వరి దుబ్బులు ఇరవై ముప్ఫై విడివిడిగా తీయి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కాబట్టి కటింగ్ చిటికెలో అవుతుంది. వాటిని పడవ ముందు ఒక్కొక్కటిగా నాటుకుంటూ రా, ఒకే దుబ్బు రెండుసార్లు పక్కపక్కన పడకుండా చూసుకో. పడవ నడిచిన దారి కూడా ఉండాలి కదా, వెనకాల చేను రెండు పక్కలకీ ఒరిగి ఉండాలి. గాలివానకి వరి పడిపోయిన చేలు మీ వైపు ప్రతి ఏడూ కనపడతాయి, అలాంటిది ఒకటి తీసి పెట్టుకో. ఈ ఒరిగిన వరి వేశాక ఫోటో మారిపోతుంది చూడు, అప్పుడు పడవ నిజంగా బయల్దేరుతుంది.

చివర్లో చెక్ చేసే పద్ధతి ఒకటి. అన్నిటి పైన ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ వేసి చూడు, రంగు పోయాక వెలుగు తేడాలు బయటపడతాయి. ఫోటోని అద్దంలో లాగా తిప్పి చూడు. రెండు ఫోటోల నాయిస్ (ఇసక చల్లినట్టు కనపడే చుక్కలు) వేరుగా ఉంటుంది, కాబట్టి మొత్తం మీద పల్చగా ఒకే నాయిస్ వేయి. ఎరేజర్ మాత్రం ముట్టుకోకు, లేయర్‌కి మాస్క్ (దాన్ని చెరపకుండా దాచే ముసుగు) తగిలించి, ఏది దాచాలన్నా ఆ మాస్క్ మీద నలుపు, మళ్ళీ కావాలంటే తెలుపు, ఎరేజర్‌తో చెరిపింది రేపు తిరిగి రాదు.

హనుమకొండ నుంచి డిగ్రీ విద్యార్థి: సార్, నా దగ్గర ఫోన్ తప్ప ఏం లేదు. ఫోటోషాప్ కొనలేను, క్రాక్ వెర్షన్ పెట్టుకోవాలంటే భయం. మా హాస్టల్ కారిడార్‌లో నేను గాల్లో తేలుతున్నట్టు ఫోటో చేయాలని ఉంది.

క్రాక్ జోలికి పోకు, దాంతో పాటు వైరస్ వస్తుంది. గింప్ అని ఫోటోషాప్ లాంటి ప్రోగ్రామ్ ఉంది, పూర్తిగా ఫ్రీ, 1996 నుంచి ఉంది, లేయర్లు మాస్కులు అన్నీ ఉంటాయి, కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో వేయించుకోవచ్చు. ఫోటోపీ అయితే ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, చూడ్డానికి అచ్చం ఫోటోషాప్ లాగే ఉంటుంది, ఫోటోషాప్‌లో సేవ్ చేసిన పీఎస్‌డీ ఫైళ్ళు కూడా తెరుస్తుంది.

గాల్లో తేలడానికి కావాల్సింది ఒక స్టూలు, ఒక ఫ్రెండు, కదలని ఫోను. ఫోన్ని కిటికీలో ఇటుకల మధ్య ఇరికించినా చాలు, ట్రైపాడే ఉండాలని లేదు. స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు ఎంతన్నది) లాక్ చేయి, టైమర్ పెట్టు. స్టూలు మీద నువ్వు బోర్లా పడుకుని ఒకటి, నువ్వూ స్టూలూ లేకుండా ఖాళీ కారిడార్ ఒకటి, ఈ రెండూ చాలు. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, స్టూలు ఉన్నచోట మాస్క్‌లో నలుపు వేస్తే కింద ఫోటోలోని ఖాళీ నేల కనపడుతుంది. నీ నీడని మాత్రం చెరపకు, స్టూలు నీడ పోవాలి, నీ నీడ ఉండాలి, తేలుతున్నావని నమ్మించేది నేల మీద ఉన్న ఆ నీడే.

అందరూ దొరికిపోయే చోటు ఒకటుంది, పొట్ట దగ్గర. స్టూలు నొక్కుకుని చొక్కా అక్కడ చదునుగా అయిపోతుంది, గాల్లో ఉన్న మనిషికి అలా ఎందుకవుతుంది? అందుకే వదులు కుర్తా వేసుకో, దాని అంచు స్టూలు మీదుగా కిందికి వేలాడాలి, తీసే క్షణంలో ఫ్రెండు ఆ అంచుని ఒక్కసారి ఎగరేయాలి. చేతులూ మెడా బిగపట్టకుండా వదిలేయి. ఒక్కసారికే రాదు, రాకపోతే దిగులు పడకు. 1948లో ఫిలిప్ హాల్స్‌మన్ అనే ఫోటోగ్రాఫర్ సర్రియల్ చిత్రకారుడు సాల్వడార్ డాలీని గాల్లో ఎగురుతుండగా తీశాడు, పక్కన పిల్లులూ ఒక బకెట్టు నీళ్ళూ గాల్లో ఉంటాయి, అన్నీ నిజంగా విసిరినవే, అది కుదరడానికి 28 సార్లు తీయాల్సొచ్చింది. బొమ్మలేసే స్టాండు (ఈజిల్) లాంటివి వేలాడదీసిన తీగల్ని తర్వాత చెరిపేశారు. నీ స్టూలు చెరపడం కూడా అదే పని.

తెనాలి నుంచి రిటైర్డ్ టీచర్: మా మనవడు ఇలాంటివే చేస్తూ కూర్చుంటున్నాడు. మా రోజుల్లో ఫోటో అంటే ఉన్నది ఉన్నట్టు. ఇదంతా కంప్యూటర్ వచ్చాక పట్టిన జాడ్యం కాదా? దీన్ని ఫోటోగ్రఫీ అనొచ్చా?

మాస్టారూ, మీ అనుమానం న్యాయమైనదే, కానీ కంప్యూటర్‌ని మాత్రం తప్పు పట్టలేం. 1857లో ఇంగ్లండులో రెయ్‌లాండర్ అనే ఆయన ముప్ఫైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే ఫోటో చేశాడు, దాని కాపీ ఒకటి విక్టోరియా రాణి కొనుక్కుంది. మరుసటేడు హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగటివ్‌లతో చావుబతుకుల్లో ఉన్న ఒక అమ్మాయినీ చుట్టూ కుటుంబాన్నీ చూపించాడు. అదే రోజుల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఇంకోటి వాడేవాడు, ఎందుకంటే అప్పటి ప్లేట్ల మీద రెండూ ఒకేసారి సరిగ్గా వచ్చేవి కావు. అంటే మీ రోజులకన్నా ముందు రోజుల నుంచీ ఉన్నదే.

నాకు ఈ దారిలో అందరికన్నా ఇష్టమైనవాడు జెర్రీ యూల్స్‌మన్. 1934లో డెట్రాయిట్‌లో పుట్టాడు, ఫ్లోరిడా యూనివర్సిటీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాడు, 2022లో పోయాడు. ఆయన డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్లు (నెగటివ్ బొమ్మని కాగితం మీద పెద్దగా పడేసే యంత్రాలు) వరసగా పెట్టుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో నెగటివ్ పెట్టి, ఒకే కాగితాన్ని ఒక దాని కింద నుంచి ఇంకోదాని కిందికి జరుపుకుంటూ వెళ్ళేవాడు. వెలుగు పడకూడని చోట చేయి అడ్డం పెట్టేవాడు. చెట్టు గాల్లో తేలుతూ ఉంటుంది, కింద వేళ్ళు కూడా కనపడతాయి, ఇంటికి పైకప్పు ఉండాల్సిన చోట ఆకాశం ఉంటుంది. ఫోటోషాప్ మొదటి వెర్షన్ వచ్చింది 1990లో, అందులో లేయర్లు వచ్చింది 1994లో, ఆయన ఫోటోలకి న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో విడిగా ప్రదర్శన జరిగింది మాత్రం 1967లోనే. మన దగ్గర వివాన్ సుందరం తన తాతగారు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తీసిన పాత ఫ్యామిలీ ఫోటోల్ని కంప్యూటర్‌లో కలిపి, వేర్వేరు కాలాల వాళ్ళని ఒకే గదిలో కూర్చోబెట్టాడు, అది 2001లో మొదలుపెట్టిన పని. మీ మనవడికి ఈ రెండు పేర్లూ చెప్పండి, వాడితో కూర్చుని మీరూ చూడండి.

మోసం ఎప్పుడవుతుందంటే, ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నాం అని మాటిచ్చి మార్చినప్పుడు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి కవర్ మీద గిజా పిరమిడ్లని నిలువు కవర్‌లో పట్టించడానికి కంప్యూటర్‌తో దగ్గరికి జరిపారు, దాని మీద పెద్ద గొడవ అయింది, అవ్వాల్సిందే. వరిచేలో పడవ నడిపితే ఎవరూ మోసపోరు కదా మాస్టారూ, చూడగానే ఇది జరగదు అని అందరికీ తెలుసు. తెలిసీ ఒక క్షణం నమ్మాలనిపిస్తుంది, నాకు ఈ పని మీద ఇష్టమంతా ఆ క్షణం గురించే.

డల్లాస్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు: ఏఐకి ఒక లైన్ రాస్తే ఇవన్నీ పది సెకన్లలో వస్తున్నాయి. ఇంత కష్టం ఇంకా ఎందుకు?

2023లో ఫోటోషాప్‌లోనే జెనరేటివ్ ఫిల్ (ఎంచుకున్న చోటుని ఏఐతో నింపే టూల్) వచ్చింది, నేనూ వాడతా, స్టూలు చెరపడానికీ, ఆకాశం ఓ జానెడు పెంచడానికీ. పడవ, చేను అని రాస్తే అది ఎక్కడిదీ కాని పడవ ఒకటి, ఎవరిదీ కాని చేను ఒకటి ఇస్తుంది, అందంగానే ఉంటుంది. పైన అమలాపురం తమ్ముడి పడవకి ముందు వైపు ఒక చెక్క విరిగితే రేకు కొట్టారు, నేను ఆ రేకు చూసే ఫోటో నిజమని నమ్మా. ఆ రేకు ఏఐకి ఎక్కడ తెలుస్తుంది? మీరు ఊరొచ్చినప్పుడు మీ ఇంటి గుమ్మం, నూతి గట్టు, మెట్లు, అన్నీ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి తీసుకుని వెళ్ళండి, ఏడాదంతా అక్కడ కూర్చుని కలుపుకోవచ్చు. పోటీలకి పంపేటప్పుడు మాత్రం రూల్స్ చదవండి, నేచర్ విభాగంలో మామూలుగా ఏదీ కలపనివ్వరు, తీసేయనివ్వరు, మీరు చేసినవి క్రియేటివ్ లాంటి విభాగాలకే వెళ్ళాలి.

సిద్దిపేట నుంచి ఆల్బం డిజైనర్: అన్నా, పెళ్ళి ఆల్బంలో చందమామ మీద జంట కూర్చున్నట్టు పేజీ చేశా. స్క్రీన్ మీద సూపర్, ప్రింట్‌లో ఆకాశం మెట్లు మెట్లుగా వచ్చింది, నీడలన్నీ మూసుకుపోయాయి.

12 బై 36 అంగుళాల షీట్ అయితే 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 10800 బై 3600 పిక్సెళ్ళు ఉండాలి, చిన్న ఫైలు లాగి పెంచితే కటింగ్ అంచులన్నీ బయటపడతాయి. ఆకాశం గ్రేడియంట్ (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారడం) 16 బిట్‌లో, అంటే రంగుకి ఎక్కువ ఛాయలుండే ఫైల్లో చేసి, మీద సన్నగా నాయిస్ వేస్తే మెట్లు పోతాయి. నీడలు మూసుకుపోవడానికి కారణం నీ మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్లో ఉండటం, సగానికి తగ్గించి చూడు, ప్రింటింగ్ ల్యాబ్ ఇచ్చే కలర్ ప్రొఫైల్ (వాళ్ళ ప్రింట్‌లో రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) పెట్టుకో, ముందు చిన్న ముక్క టెస్ట్ ప్రింట్ తీయించు. జంట ముఖాల మీద ఫంక్షన్ హాల్ పసుపు లైటు అలాగే ఉంటుంది, వెన్నెల్లో కూర్చోబెట్టేటప్పుడు ఆ పసుపు తగ్గించడం మర్చిపోకు.

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక పాఠకురాలు: మా తాతయ్య ముప్ఫై రెండేళ్ళకే పోయారు, అమ్మమ్మ మొన్న డెబ్భై ఎనిమిదేళ్ళకి పోయింది. ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు. ఒక స్టూడియోలో ఇస్తే తాతయ్య తలకి ఎవరిదో కోటు వేసిన ఒళ్ళు తగిలించి, అమ్మమ్మ ముడతలన్నీ తీసేసి పక్కన పెట్టారు. మా అమ్మ దాన్ని చూసి ఏడ్చింది, గోడకి పెట్టనివ్వలేదు. ఏం చేయాలో తెలీట్లేదు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివా. మీ అమ్మగారు ఎందుకు పెట్టనివ్వలేదో నాకు అర్థమైంది, ఆ ఫోటోలో ఉన్నది ఆవిడ నాన్నా కాదు, అమ్మా కాదు. ముప్ఫై రెండేళ్ళ ఆయన పక్కన డెబ్భై ఎనిమిదేళ్ళ ఆవిడ ఉండటం జరగని పని, ఆ తేడా దాచబోయే స్టూడియో వాళ్ళు ఇద్దర్నీ పోగొట్టారు. దాచకండి. తాతయ్య ముప్ఫై రెండేళ్ళతోనే, బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉండనివ్వండి, అమ్మమ్మ ముడతలతోనే, రంగుల్లోనే ఉండనివ్వండి, ఇద్దరూ ఒకే చోట ఉండాలి, అంతే.

మీరు పంపిన వాటిలో అమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఉన్న ఫోటో ఉంది, వెనకాల ఊచల కిటికీ ఉంది, ఒక తలుపు తెరిచి ఉంది. తాతయ్యది ఛాతీ వరకే ఉన్న ఫోటో. ఆ కిటికీ వెనక ఆయన్ని నిలబెట్టండి. కిటికీ చట్రం ఛాతీ దగ్గరే కోసేస్తుంది కాబట్టి ఇంకెవరి ఒళ్ళూ అక్కర్లేదు, ఆయన చొక్కాతోనే ఆయన ఉంటారు, ఇంట్లోంచి ఆవిడ వైపు చూస్తున్నట్టు.

తాతయ్య ఫోటో 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పాత ఫ్రేముల్లో ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటుంది, అలా ఉంటే లాగొద్దు, పైపొర ఊడొచ్చేస్తుంది, అద్దంతో పాటే కిటికీ వెలుగులో కాస్త పక్కకి పెట్టి, మెరుపు పడకుండా నిటారుగా ఫోటో తీసుకోండి. తాతయ్య కళ్ళలో చిన్న తెల్లచుక్క ఉంది చూశారా, కుడివైపు ఉంది, ముక్కు నీడ ఎడమకి పడింది, అంటే స్టూడియో లైటు మనకి కుడివైపు నుంచి వచ్చింది. అరుగు ఫోటోలో ఎండ ఎడమ నుంచి ఉంది. సులువుగా అవుతుందని అమ్మమ్మ ఫోటోని అడ్డంగా తిప్పేస్తారేమో, తిప్పితే పమిట కుడి భుజం మీదికి వెళ్ళిపోతుంది, ముక్కుపుడక వైపు మారిపోతుంది, మీ అమ్మగారు ఇట్టే కనిపెట్టేస్తారు. తాతయ్యని తిప్పినా పాపిడి మారిపోతుంది. ఎవర్నీ తిప్పొద్దు. కిటికీ లోపల ఎలాగూ నీడగా ఉంటుంది కాబట్టి తాతయ్య మీద వెలుగు మొత్తంగా తగ్గించి, కుడి చెంప మీద మెరుపుని కర్వ్స్‌తో (వెలుగు పెంచే తగ్గించే టూల్) అణిచేసి, ఎడమ చెంప మీద పల్చగా పెంచితే చాలు, స్టూడియో లైటు మెత్తటిదే కాబట్టి ఆ మాత్రానికి ఒప్పుకుంటుంది. ఆయన ఫోటోలో గ్రెయిన్ (పాత ఫిల్మ్ రవ్వలు) తీసేయకండి.

ఊచలు ఆయన ముందుకి రావాలి, కాబట్టి కిటికీని విడిగా ఒక లేయర్ చేసి పైన పెట్టండి. అరుగు మీద స్తంభం నీడ కుడివైపు పడింది కదా, ఊచల నీడలు కూడా తాతయ్య చొక్కా మీద కొంచెం కుడికి జరిగి పడాలి, చొక్కా మడత ఉన్నచోట ఆ గీత కూడా మడత పడాలి. అంతా అయ్యాక ప్రింట్ తీయించే ముందు ఒకసారి నాకు పంపండి, ఆ ఊచల నీడ నేను చూస్తా.